పొలం కాడ ఏ నీళ్లు తాగుతరు?



మాది వేములపల్లి. నల్గొండ నుంచి మిర్యాలగూడ పోయే దారిలో, సాగర్ ఎడమ కాలువ పక్కన ఉన్న ఊరు. నలభై ఏళ్లు డాక్టరుగా పనిచేసి, రిటైరయ్యాక ఊళ్లోనే ఉంటున్నాను. పొద్దున పూట అరుగు మీద కూర్చుని పేపరు చదవడం, దారిన పోయేవాళ్లు చూపించే రిపోర్టులు చూసి పెట్టడం, ఇప్పుడు నా ఉద్యోగం ఇదే. జీతం లేదు గానీ సీజన్‌లో నాలుగు మామిడికాయలు, రెండు సొరకాయలు ముడతాయి.

ఆ మధ్య ఒకరోజు మా వీధిలోకి ఒక అమ్మాయి వచ్చింది. తెల్లకోటు తొడుక్కోలేదు, చేతి మీద వేసుకుంది. ఎండ అలాంటిది. భుజాన సంచి, సంచి నిండా చిన్న చిన్న ప్లాస్టిక్ సీసాలు. ఒక్కో సీసాకు అంటించిన కాగితం మీద ఒక నంబరు. మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ చదువుతోందట. ఇంటింటికీ తిరిగి తాగే నీళ్లు కొంచెం పట్టుకుంటోంది, పళ్లు చూస్తోంది, నాలుగు ప్రశ్నలు అడిగి కాగితం మీద టిక్కులు పెడుతోంది. ఏ కాలేజీ, ఏ పేరు అన్నది వద్దు. ఆ పిల్లను అడక్కుండా రేడియోలో పేరు చెప్పడం మర్యాద కాదు.

మా ఎదురింట్లో ఒక అవ్వ ఉంటుంది. అమ్మాయి సీసా ఎంత చిన్నదో చూసి అవ్వకు జాలేసినట్టుంది. లోపలికి పోయి ఖాళీ పచ్చడి సీసా ఒకటి కడిగి తెచ్చింది. "గిండ్ల పోసుకో బిడ్డా, ఎక్కువ పడతయి" అంది. అమ్మాయి కంగారుగా, "వద్దవ్వా, గాజు సీసాల పొయ్యొద్దు" అని తన ప్లాస్టిక్ సీసానే ముందుకు చాపింది. అవ్వ మొహం చిన్నబోయింది. తన సీసా మైలదన్నట్టు వినిపించింది ఆమెకు.

నేను అరుగు దిగి పోయి చెప్పాల్సొచ్చింది. ఆ పిల్ల వెతుకుతున్నది నీళ్లలో ఫ్లోరైడ్. దానికి గాజును పట్టుకునే గుణం ఉంది. గాజు సీసాలో నిలవుంచితే నీళ్లలోని ఫ్లోరైడ్ కొంత గాజుకే పోయి, లెక్క తక్కువగా వచ్చే ప్రమాదం ఉంటుంది. అందుకని ఆ ఒక్క పరీక్షకు ప్లాస్టిక్ సీసాలే వాడతారు. ఇది చెప్పడానికి ఎంతసేపు పట్టింది? అర నిమిషం. ఆ అర నిమిషం చెప్పాలని ఆ పిల్లకు ఎవరూ నేర్పలేదు. ఏ సీసాలో పట్టాలో నేర్పారు గానీ, అవ్వతో ఏమనాలో నేర్పలేదు.

తరవాత కాగితం తీసింది. సమ్మతి పత్రం. కాలేజీలో ఏ పరిశోధన చెయ్యాలన్నా ముందు ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి, ఆ తరవాత మనిషి మనిషి దగ్గరా ఈ పత్రం మీద సంతకమో నిశానీయో తీసుకోవాలి. మంచి పద్ధతి. కాకపోతే ఆ పత్రం భాష ఎలా ఉందంటే, "ప్రస్తుత అధ్యయనమునందు స్వచ్ఛందముగా పాల్గొనుటకు నాకెట్టి అభ్యంతరము లేదనియు..." ఇలా సాగుతుంది. అమ్మాయి చదువుతుంటే అవ్వ మధ్యలో ఆపి, "ఇది తెలుగేనా బిడ్డా?" అని అడిగింది. ఎగతాళికి అడగలేదు, నిజంగానే అడిగింది. అమ్మాయి నవ్వేసి, కాగితం మడిచి, తన మాటల్లో చెప్పింది. "నీ నీళ్లు పరీక్ష చేస్తమవ్వా. నీ పేరు ఎవ్వరికీ చెప్పం. వద్దంటే ఇప్పుడే చెప్పు, పోత." అవ్వ అప్పుడు వేలు ముందుకు చాపింది.

ఆ తరవాతది చూడాల్సిన పరీక్ష. అమ్మాయి సంచిలోంచి రూపాయి బిళ్ల తీసి నేల మీద వేసింది. మోకాళ్లు వంచకుండా, నడుం వంచి ఆ బిళ్లను తియ్యాలి. ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలకు ఫ్లోరోసిస్ పట్టిన మనిషి వెన్ను బిగుసుకుపోయి వంగలేడు. అలాగే గడ్డం ఛాతీకి ఆనించమంటారు, చేతులు మెడ వెనక్కి చేర్చమంటారు. ఎక్స్‌రే లేని చోట ఈ మూడూ చాలా చెప్తాయి. అవ్వ వంగింది, బిళ్ల తీసింది, కొంగున ముడేసుకుంది. అడిగే ధైర్యం ఆ పిల్లకూ లేదు, నాకూ లేదు.

ఇక అసలు సంగతి. అమ్మాయి చేతిలో ప్రొఫార్మా అనే కాగితం ఉంది, ప్రశ్నలు, వాటి పక్కన గళ్లు. "ఇంట్లో ఏ నీళ్లు తాగుతరు?" అని అడిగింది. నల్లా నీళ్లు, ఫిల్టర్ ప్లాంటు నీళ్లు, బోరింగు నీళ్లు, వీటిలో ఒకదానికి టిక్కు పెట్టాలి. అవ్వ "నల్లా నీళ్లే" అంది. టిక్కు పడింది. అమ్మాయి తరవాతి ప్రశ్నకు పోబోతుంటే అవ్వే అంది, "ఇంట్ల నల్లా నీళ్లు. ఇంట్ల ఎంతసేపుంట బిడ్డా? నాట్లప్పుడు పొద్దుగాల పోతే పొద్దుమూకినంక వస్తం. పొలం కాడ బోరు నీళ్లే తాగుతం."

అమ్మాయి పెన్ను ఆగింది. కాగితం అటు తిప్పింది, ఇటు తిప్పింది. పొలం కాడి నీళ్లకు గడి లేదు.

ఆ కాగితంలో గడి ఎందుకు లేదో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి. నల్గొండ జిల్లా నీళ్ల గురించి రాసినంతగా దేశంలో మరే జిల్లా నీళ్ల గురించీ రాయలేదేమో అనిపిస్తుంది నాకు. మన దేశంలో మనుషులకు వచ్చే ఫ్లోరోసిస్‌ను మొదట వివరంగా రాసింది 1937లో. అదీ తెలుగు నేల మీదే, అప్పటి నెల్లూరు జిల్లాలో. షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు ఇండియన్ మెడికల్ గెజిట్‌లో ప్రచురించారు. నల్గొండ వంతు 1955లో వచ్చింది. సిద్దిఖీ అనే డాక్టరు హైదరాబాద్-దక్కన్‌లోని నల్గొండ జిల్లా ఫ్లోరోసిస్ మీద రాసిన వ్యాసాన్ని బ్రిటిష్ మెడికల్ జర్నల్ అచ్చేసింది. ఆ సంచిక తేదీ చూస్తే ఒక విచిత్రం. 1955 డిసెంబరు 10. సరిగ్గా అదే రోజు నెహ్రూ గారు నందికొండ దగ్గర నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. మన నీళ్లలో విషముందన్న కబురు లండన్‌లో అచ్చయిన రోజునే, మనకు వేరే నీళ్లు తెచ్చే పని ఇక్కడ మొదలైంది. ఒకరి సంగతి ఒకరికి తెలిసి చేసింది కాదు, తేదీలు అలా కలిశాయి.

కాలువలకు నీళ్లు 1967లో వదిలారు. కాలువ వస్తే కష్టం తీరిందనుకున్నాం. అయితే 1973లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ నుంచి కృష్ణమాచారి, కృష్ణస్వామి అనే శాస్త్రవేత్తలు లాన్సెట్‌లో ఇంకో వ్యాసం రాశారు. నల్గొండ పల్లెల్లో ఎదిగే వయసు కుర్రాళ్లకు మోకాళ్లు ఒకదానికొకటి తగులుతూ, పాదాలు ఎడంగా పోయే జబ్బు కనిపిస్తోందని. జొన్న తినేవాళ్ల ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువగా నిలుస్తోందని అదే సంస్థ ఆ తరవాత చూపించింది. ఆ ఊళ్ల ధాన్యంలో మాలిబ్డినం, రాగి లెక్కలు కూడా తీశారు. నీళ్లతో పాటు తిండినీ, నేలనూ కలిపి చూసిన పని అది. అలా తమ కాగితంలో తిండికీ ఒక గడి వీళ్లు పెట్టారు.

నాగపూర్ నీరీ సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి కనిపెట్టి, 1970లలో దానికి 'నల్గొండ టెక్నిక్' అని పేరు పెట్టింది. ఆఫ్రికాలో టాంజానియా, ఇథియోపియా దాకా పోయింది ఆ పేరు. వైద్య విద్యార్థుల పుస్తకాల్లో ఇప్పటికీ ఉంది, పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా వస్తుంది. మా జిల్లా పేరు ప్రపంచానికి తెలిసింది ముందు ఇలా. ఇందులో గర్వపడటానికి ఏముందో నాకిప్పటికీ అర్థం కాదు.

తరవాత ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం వచ్చింది. 2015లో తెలంగాణలో 967 ఆవాసాలు ఫ్లోరైడ్ పీడితమని లెక్కల్లో ఉండేవి, 2020కల్లా కేంద్ర జలశక్తి శాఖ లెక్కలో అది సున్నా అయింది. మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు జనం దశాబ్దాలు పోరాడితే వచ్చిన ఫలితం అది. వంకర తిరిగిన ఒంటితోనే దిల్లీ దాకా పోయి నీళ్లడిగిన శివన్నగూడెం అంశల స్వామి 2023 జనవరిలో కన్నుమూశాడు. ఆ సున్నాను తక్కువ చెయ్యను. కానీ ఆ సున్నా నల్లాల సున్నా, ఇళ్లకు చేరే నీళ్లది. పొలం బోరు ఆ లెక్కలో లేదు. లెక్కలో లేదు కాబట్టి ప్రశ్నల కాగితంలో లేదు. అవ్వ మాటల్లో మాత్రం ఉంది.

అమ్మాయి ఆ పూటే కాగితం వెనకవైపు చేత్తో ఒక గడి గీసుకుంది. మర్నాడు పొద్దున్నే మళ్లీ వచ్చి, అవ్వ వెంట పొలానికి పోయి బోరు నీళ్లు పట్టుకుంది. ముందు రోజు అడిగిన ఇళ్లన్నిటికీ మళ్లీ తిరిగింది. మారిన ప్రశ్నలకు మళ్లీ కమిటీ అనుమతి తీసుకోవాలని నేను చెప్తే, అప్పటికే గైడ్ సార్‌తో ఫోన్లో మాట్లాడానని చెప్పింది.

ఇలాంటి పిల్లలు మన వైపు ఇప్పుడు ఎందుకు కనిపిస్తున్నారంటే, కాలేజీలు వచ్చాయి గనక. నా రోజుల్లో డాక్టరు చదువు అంటే హైదరాబాదు, లేకపోతే వరంగల్. ఉమ్మడి నల్గొండలో నార్కట్‌పల్లి ప్రైవేటు కాలేజీ ఒక్కటే చాలా కాలం ఉంది. 2019లో నల్గొండలో, సూర్యాపేటలో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి, ఒక్కోదానిలో 150 సీట్లు. బీబీనగర్ ఎయిమ్స్ కూడా ఆ ఏడాదే. ఆ పిల్లల్లో చాలామంది ఈ పల్లెల వాళ్లే. వార్డులో రోగి "కడుపుల దేవినట్టయితంది" అంటే ఇంకొకరు విడమరిచి చెప్పక్కర్లేదు.

భారత వైద్య పరిశోధన మండలి 1979 నుంచి ఎంబీబీఎస్ విద్యార్థుల కోసం ఒక పథకం నడుపుతోంది. రెండు నెలల పరిశోధన. విద్యార్థే ఒక ప్రశ్న ఎంచుకోవాలి, ఒక టీచరును గైడ్‌గా పెట్టుకోవాలి, పని చేసి నివేదిక ఇవ్వాలి, స్టైపెండు ఇస్తారు. పీజీ వాళ్లకైతే థీసిస్ ఎలాగూ తప్పదు. వీటికి తోడు కాలేజీల్లో విద్యార్థుల సదస్సులు జరుగుతాయి. అలాంటి ఒక సదస్సుకు నన్ను జడ్జిగా పిలిచారు. ముసలివాడు, ఊరికే ఉన్నాడు, పిలిస్తే వస్తాడు.

అక్కడ చూసింది చెప్తాను. పెద్ద హాలు, ఏసీ కొంచెం ఎక్కువ. కుర్రాళ్లంతా కోట్లూ టైలతో వచ్చారు, పెళ్లికి అరువు తెచ్చుకున్న కోట్ల లాగే ఉన్నాయి చాలావరకు. ఒక్కొక్కరికి ఎనిమిది నిమిషాలు మాట్లాడటానికి, రెండు నిమిషాలు ప్రశ్నలకు. ఏడో నిమిషంలో గంట కొడతారు. ఆ గంటతో సగం మందికి మాట తడబడుతుంది. పదిహేను స్లైడ్లు మిగిలి ఉంటాయి, అవన్నీ వేలితో టకటకా దాటించేసి "థాంక్యూ" దగ్గర ఆగుతారు. ఆ దాటేసిన స్లైడ్లలోనే అసలు సంగతి ఉంటుంది. ముందు ఆరు నిమిషాలూ ఏం చెప్తారంటే, ఆ జబ్బు ప్రపంచంలో ఎంతమందికి ఉంది, ఎవరెవరు ఏం రాశారు. మేం చదివిందే. నువ్వేం చూశావు బాబూ అని అడగాలనిపిస్తుంది.

ఒక అబ్బాయి చాలా బాగా మాట్లాడాడు. పళ్ల మీద మచ్చల గురించి పేపరు. కొన్ని ఊళ్లలో యువకుల పళ్లు పరీక్షించాడు, పసుపు గారలు, గోధుమ రంగు చారలు ఉన్నవాళ్లు చాలామంది తేలారు. కాబట్టి ఇప్పుడిస్తున్న నీళ్లు బాగా లేవని తేల్చాడు. పి వాల్యూ అనే గణాంకాల లెక్క కూడా వేశాడు, ఎర్ర రంగులో, కింద గీత గీసి.

"వాళ్ల వయసెంత బాబూ?" అనడిగాను.

"పద్దెనిమిది నుంచి ఇరవై అయిదు సార్."

"పన్ను పైపొర ఎప్పుడు తయారవుతుంది?"

అబ్బాయి నోరు తెరిచాడు, మూశాడు. జ్ఞానదంతాలు తప్పిస్తే మిగతా పళ్ల పైపొర ఎనిమిదేళ్ల లోపే తయారైపోతుంది. ఆ వయసులో తాగిన నీళ్లే పళ్ల మీద రాతలా మిగిలిపోతాయి. ఇరవై ఏళ్లవాడి పళ్లు చూస్తే పన్నెండేళ్ల కిందటి బావి కనిపిస్తుంది, నేటి నల్లా కనపడదు. నేడు ఒంట్లోకి ఎంత పోతోందో తెలియాలంటే మూత్రంలో ఫ్లోరైడ్ చూడాలి, లేదా నేటి చిన్నపిల్లల పళ్లు కొన్నేళ్ల తరవాత చూడాలి. అబ్బాయి రెండు క్షణాలు ఆలోచించి, "నేను తప్పు తేల్చాను సార్. ఈ లెక్క వాళ్ల చిన్నప్పటి నీళ్లది" అన్నాడు. మైకులో, రెండొందల మంది ముందు. నేను వేసిన మార్కుల్లో సగం ఆ మాటకే పడ్డాయి. పక్కనున్న జడ్జి గారు ఒప్పుకోలేదు, అది వేరే కథ.

ఇలా తప్పు తేల్చడం కుర్రాళ్లకే పట్టిన పీడ కాదు. మన హైదరాబాద్ మెడికల్ స్కూలు కథ చూడండి. 1880లలో ఆ బడికి ఎడ్వర్డ్ లారీ అనే సర్జన్ పెద్ద. ఆపరేషన్‌కు మత్తుమందుగా క్లోరోఫారం వాడేవారు, అప్పుడప్పుడు రోగి బల్ల మీదే పోయేవాడు. ముందు గుండె ఆగుతోందా, ఊపిరి ఆగుతోందా అన్నది పెద్ద తగువు. 1888లో ఒకసారి, 1889లో ఇంకోసారి హైదరాబాద్‌లో కమిషన్ వేసి వందల కుక్కల మీద ప్రయోగాలు చేశారు. రెండోదానికి ఆరో నిజాం వెయ్యి పౌండ్లు ఇచ్చి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే డాక్టరును రప్పించాడు. ఆసుపత్రిలో క్లోరోఫారం ఇచ్చేది లారీ శిష్యులే. రూపాబాయి ఫర్దూంజీ అనే పార్సీ అమ్మాయి ఆ బడి విద్యార్థినే, ప్రపంచంలో మత్తు ఇచ్చిన తొలి మహిళా డాక్టర్లలో ఒకరిగా ఆమెను ఇప్పుడు చెప్పుకుంటున్నారు. కమిషన్ ఏం తేల్చిందంటే, ముందు ఆగేది ఊపిరే, నాడి పట్టుకుని కూర్చోకండి, ఊపిరి చూడండి అని. లాన్సెట్ అచ్చేసింది. ప్రపంచమంతా చదివింది.

1911లో గుడ్‌మన్ లెవీ అనే డాక్టరు పిల్లుల మీద చూపించాడు, క్లోరోఫారం తక్కువగా ఇచ్చినప్పుడే, మత్తు పల్చగా ఉన్నప్పుడే గుండె లయ తప్పి ఉన్నట్టుండి ఆగిపోగలదని. హైదరాబాద్‌లో వందల సార్లు చూసినవాళ్లకు అది ఎందుకు చిక్కలేదు? మోతాదు ఎక్కువైతే ఏమవుతుందన్నదే వాళ్ల ప్రశ్న గనక. తక్కువైతే ఏమవుతుందన్నదానికి వాళ్ల కాగితంలో గడి లేదు. అయినా ఊపిరి చూడమన్నది మంచి సలహానే. సగం నిజం కూడా కొంతకాలం పనికొస్తుంది, మిగతా సగం ఎవరో ఒకరు అడిగేదాకా.

వెతకనిది ఎదురైనా వదలకుండా రాసి పెట్టినవాళ్లూ ఉన్నారు. అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్‌లో జే మెక్‌లీన్ అని రెండో ఏడాది వైద్య విద్యార్థి ఉండేవాడు. రక్తం గడ్డకట్టించే పదార్థం వెతకమన్నారు. అతనికి దొరికింది దానికి పూర్తిగా ఎదురు, రక్తాన్ని గడ్డకట్టనివ్వని పదార్థం. 1916లో అది కూడా రాసి పెట్టాడు. హెపారిన్ కథకు మొదలు అదే. ఈ వేళ గుండెపోటు వచ్చి ఆసుపత్రికి పోతే ఎక్కించే మందుల్లో అదొకటి. తను వెతికింది కాదు కదా అని ఆ కుర్రాడు పారబోసి ఉంటే?

ఇక మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి సంగతి చెప్పకపోతే మీరు ఊరుకోరు. అందరూ ఆయన మందుల గురించే చెప్తారు. నేను వేరే ముక్క చెప్తాను. 1925లో ఆయన హార్వర్డ్‌లో ఇంకా విద్యార్థే, పీహెచ్‌డీ వచ్చింది 1930లో. గురువు సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరం కొలిచే పద్ధతి ఒకటి ప్రచురించారు. నమూనాలో రెండు మూడు ద్రావకాలు కలిపితే నీలం రంగు వస్తుంది. భాస్వరం ఎంత ఉంటే నీలం అంత చిక్కన. రంగు చూసి లెక్క చెప్పడం. తరతరాల ల్యాబ్ విద్యార్థులు ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అని పుస్తకంలో చదివి, చేతులతో చేసి నేర్చుకున్నారు. ఆ నీలం వెనక భీమవరం మనిషి ఉన్నాడని చాలామందికి తట్టదు.

మా వీధి అమ్మాయి సీసాలు ల్యాబ్‌లో పోసినప్పుడు జరిగేదీ రంగు లెక్కే, కాకపోతే తలకిందులు. జిర్కోనియం కలిపిన ఎర్ర రంగు ద్రావకం ఉంటుంది. నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటే ఆ జిర్కోనియాన్ని లాగేసుకుంటుంది, రంగు వెలిసిపోతుంది. ఎంత వెలిస్తే అంత ఫ్లోరైడ్. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాకా ఉంటే మంచిది, వేరే నీళ్లు దొరక్కపోతే ఒకటిన్నర దాకా సర్దుకోవచ్చని మన దేశపు ప్రమాణం. రెండు పరీక్ష నాళికలు పక్కపక్కన పెడితే ఒకటి దానిమ్మ గింజ రంగు, ఇంకోటి కడిగేసిన కుంకుమ రంగు. చదువు రాని అవ్వకు చూపించినా ఏ నీళ్లు ఏవో చెప్పగలదు. మరి చూపిస్తామా అంటే, చూపించం. అంకెగా మార్చి, అంకెను స్లైడుగా మార్చి, ఏసీ హాల్లో ఇంగ్లిషులో చెప్తాం.

అంకె వినేవాళ్లతో ఇంకో చిక్కు. 2002లో పోషకాహార సంస్థ వాళ్లు బడిపిల్లలకు రోజూ కొంచెం చింతపండు పెట్టి చూస్తే, మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయిందని ఒక వ్యాసం వచ్చింది. మంచి పని, చిన్న పని. అది ఊళ్లోకి వచ్చేసరికి "చింతపులుసు తాగితే వంకర కాళ్లు తిన్నగవుతయట" అయింది. కావు. ఒకసారి వంగిన ఎముకను చింతపండు నిలబెట్టదు. ఇది విని రేపు ఎవరూ చింతపండు బస్తా తేవద్దని మనవి.

సదస్సుల్లో నాకు నచ్చనిది కూడా చెప్పాలి. సర్టిఫికెట్ కోసం ఒకే పేపరు మీద ఎనిమిది పేర్లు. లేచి చెప్పేవాడికి తప్ప మిగతా ఏడుగురికీ అందులో ఏముందో తెలియదు. డబ్బు కడితే వారంలో అచ్చేసే పత్రికలు పుట్టుకొచ్చాయి, వాటిలో వచ్చిందని గొప్ప. కొందరు రోగిని చూడకుండానే కేస్ షీట్ల గదిలో కూర్చుని పరిశోధన ముగిస్తారు. పిల్లల్ని అని లాభం లేదు. లెక్కపెట్టేది పేపర్ల సంఖ్యనే అయినప్పుడు వాళ్లు సంఖ్యే తయారుచేస్తారు.

నేనేమన్నా గొప్పవాణ్ణా అంటే, వినండి. నా పీజీ రోజుల్లో నా థీసిస్ కూలి పనికి పోయే ఆడవాళ్ల రక్తహీనత మీద. అరవై మంది దగ్గర రక్తం తీశాను. అందులో ఒకామె చెయ్యి ముడుచుకుంటూ, "నా రక్తం ఎంతుంది డాక్టర్ సాబ్?" అని అడిగింది. "రిపోర్టు వచ్చినంక చెప్త" అన్నాను. రిపోర్టు వచ్చింది. పట్టికలో ఎక్కింది. సరాసరి తీశాను, బౌండు చేయించాను, బంగారు అక్షరాలతో నా పేరు కొట్టించాను. పరీక్షకుడు మెచ్చుకున్నాడు. ఆమె రక్తం ఎంతో ఆమెకు చెప్పలేదు. ఆ ఊరికి మళ్లీ పోనేలేదు. ఆమెకు చాలా తక్కువే ఉంది, నాకు గుర్తుంది. ఇనుము మాత్రలు రాసి ఇవ్వడానికి ఒక చీటీ చాలు. నలభై ఏళ్ల తరవాత ఇప్పుడు చెప్పి ఏం లాభం గానీ, దాచడం కూడా బాగుండదు.

మా వీధికి వచ్చిన అమ్మాయి కూడా నేను జడ్జిగా పోయిన ఆ సదస్సులో పేపరు చదివింది. ఎరిగున్న పిల్ల కాబట్టి ఆ ఒక్క పేపరుకు నేను మార్కులు వెయ్యనని ముందే చెప్పేశాను. మూడో స్లైడులోనే తన పాత ప్రశ్నల కాగితం చూపించింది, పక్కన చేత్తో గీసిన గడి ఉన్న కాగితం. "ఒక పెద్దావిడ చెప్పేదాకా ఈ ప్రశ్న నాకు తట్టలేదు" అంది. ఆఖర్న, ఇంత తక్కువ ఇళ్లతో ఏదీ గట్టిగా తేల్చి చెప్పలేను, పొలాల్లో తాగే నీళ్లను కూడా లెక్కలోకి తీసుకుని ఇంకా పెద్దగా చూడాలి అని ఆగింది. గంట కొట్టడానికి ఇంకా అర నిమిషం ఉంది. బహుమతి వేరేవాళ్లకు వచ్చింది.

తరవాత సెలవుల్లో మా వీధికి వచ్చింది. ఇంటింటికీ ఒక చీటీ, దాని మీద ఆ ఇంటి నల్లా నీళ్ల లెక్క, పొలం నీళ్లు పట్టి ఉంటే దాని లెక్క. అవ్వకు చదివి చెప్పి, నాట్లకు పోయేటప్పుడు నల్లా నీళ్లే ఒక డబ్బాలో పట్టుకుపొమ్మంది. అవ్వ సరేనంది. డబ్బా బరువెవరు మోస్తారని కూడా అడిగింది. దానికి ఆ పిల్ల దగ్గర జవాబు లేదు, నా దగ్గరా లేదు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు వింటున్న అక్కలకు, అన్నలకు, పెద్దలకు నాదొక మనవి. ఈ పిల్లలు సీసాలు, కాగితాలు పట్టుకుని మీ వీధికీ వస్తారు. కసురుకోకండి, కాస్త నీడలో కూర్చోబెట్టండి. నిశానీ వేసే ముందు ఆ కాగితంలో ఏముందో మన మాటల్లో చెప్పించుకోండి. వద్దనిపిస్తే వద్దనండి, మీ వైద్యానికి దాంతో ఏ అడ్డూ రాదు. వాళ్లు అడగని సంగతి మీకేదైనా తోస్తే అవ్వలాగే చెప్పెయ్యండి. లేచి పోయేటప్పుడు మాత్రం ఒక్కమాట అడగండి, "ఫలితం చెప్పనీకి మళ్ల ఎప్పుడొస్తవు బిడ్డా?" అని. తేదీ చెప్పించుకుని గోడ మీది క్యాలెండర్‌లో రాసి పెట్టుకోండి.